ఫ్లిక్కర్ కోసం సెంటర్ హాఫ్‌ని వదులుకోవాలా?

పోయిన అక్టోబరులో మా హాకీ క్లబ్బుకి ఒక బేరం వచ్చింది. వశిష్ఠ గోదావరి అవతలి క్లబ్బు వాళ్లు తమ డ్రాగ్ ఫ్లిక్కర్‌ని మాకిస్తామన్నారు. అంటే అవతలివాళ్ల తప్పుకి శిక్షగా పెనాల్టీ కార్నర్ దొరికినప్పుడు, బంతిని స్టిక్‌తో లాక్కొచ్చి గోల్‌లోకి విసిరేవాడు. బదులుగా గ్రౌండు మధ్యలో ఆడే మా సెంటర్ హాఫ్‌ని అడిగారు. డిసెంబరులో కాకినాడ టర్ఫ్ (కృత్రిమ గడ్డి గ్రౌండు) మీద జరిగే ఒక ఆహ్వాన టోర్నీ, ఆ తర్వాత వేసవి దాకా ఆడే మ్యాచ్‌లు, అన్నీ కలిపి ఒక సీజను మార్పిడి. మా టీముకి కోచ్‌ని నేను. పగలు స్కూల్లో పీఈటీని, సాయంత్రాలు అమలాపురం దగ్గర ఒక మట్టి గ్రౌండులో హాకీ నేర్పిస్తాను. ఈ బేరం మీద మూడు వారాలు కొట్టుకున్నాం. ఎలా కొట్టుకున్నామో, చివరికి ఏం చేశామో, అందులో నేనెక్కడ తప్పు చేశానో రాస్తున్నాను. పేర్లు కావాలనే రాయడం లేదు. ఇద్దరూ కుర్రాళ్లే, రేపు స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకి వెళ్లాల్సినవాళ్లు.

ముందు ఆ ఫ్లిక్కర్ సంగతి. మా చుట్టుపక్కల హాకీ చూసేవాళ్లలో అతన్ని ఎరగనివాళ్లు తక్కువ. తనదైన రోజున గోల్‌కీపర్ కదిలేలోపే బంతి వలలో ఉంటుంది. తనది కాని రోజున అతను గ్రౌండులో ఉన్నాడా, బెంచీ మీద ఉన్నాడా అని వెతుక్కోవాలి. ముందు వరసలో ఆడతాడు. బంతి పోతే వెనక్కి రాడు. స్టిక్ భుజం మీద వేసుకుని నిలబడి చూస్తాడు.

మా సెంటర్ హాఫ్ గురించి చెప్పడానికి ఇంత ఉండదు. అతని ఫొటో ఎవరూ తీయరు. అవతలివాళ్ల పాస్‌కి అడ్డంపడి బంతి తీసుకుని పక్కవాడికి ఇచ్చేస్తాడు. అంతే, మ్యాచ్ అంతా అదే పని. వాళ్ల నాన్నది కొబ్బరికాయల వ్యాపారం. పొద్దున లోడుకెళ్లి సాయంత్రానికి ప్రాక్టీసుకి వస్తాడు.

మీటింగు మా ప్రెసిడెంటు గారి రైసుమిల్లు ఆఫీసులో జరిగింది. జెర్సీలకి, బస్సుకి డబ్బులిచ్చే రొయ్యల మేత డీలరు గారు మొదటి మాటతోనే తేల్చేశారు. “మాస్టారండీ, అడ్డంపడేవాణ్ణి చూడ్డానికి ఎవడొస్తాడండి? గోలు కొట్టేవాణ్ణి చూడ్డానికొస్తారు. హాకీ లీగులో హర్మన్‌ప్రీత్‌కి 78 లక్షలు పెట్టి కొన్నారంటే ఎందుకండి? ఫ్లిక్కరు కాబట్టే కదండీ!”

78 లక్షల మాట నిజమే. 2024 వేలంలో సూర్మా క్లబ్ అతన్ని కొన్నది అంతకే. ఆ ఏడాదే పారిస్ ఒలింపిక్స్‌లో అతను 10 గోల్స్ కొట్టాడు, అందరికన్నా ఎక్కువ. కానీ హర్మన్‌ప్రీత్ ఫుల్‌బ్యాక్. మ్యాచ్ అంతా వెనక కాపలా కాస్తూ, కార్నర్ దొరికినప్పుడు ముందుకెళ్లి ఫ్లిక్ చేస్తాడు. పాకిస్థాన్ సొహైల్ అబ్బాస్, మన సందీప్ సింగ్, వీళ్లూ వెనక ఆడినవాళ్లే. ఇదెందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను. ఆ రోజు చెబితే డీలరు గారు వినలేదు.

ప్రెసిడెంటు గారు ఎదురు వాదించారు. “నాలుగు మ్యాచ్‌ల్లో ఒకటి ఆడతాడయ్యా ఆ కుర్రాడు. మిగతా మూడూ మనం పదిమందితో ఆడాలి.” ఆ మాట దగ్గర మీటింగు రెండు ముక్కలైంది. ఒకరు నాలుగో మ్యాచ్‌ని చూస్తారు, ఇంకొకరు మిగతా మూడింటిని చూస్తారు. ఇలాంటి వాదన ఎంతసేపు జరిగినా తెగదు. టీ రెండుసార్లు వచ్చింది.

తెగేలా లేదని ట్రెజరర్ గారు కెనడా ఎడ్మంటన్‌లో ఉన్న వాళ్లబ్బాయికి వీడియో కాల్ చేశారు. అక్కడ ఐస్ హాకీ పిచ్చి ఎక్కువ. ఇలాంటి ట్రేడ్‌లు అక్కడ ఏటా జరుగుతాయట. క్లబ్బులు ఆటగాళ్ల కాంట్రాక్టులు మార్చుకుంటాయి. పంపడానికి వీల్లేదని కాంట్రాక్టులో రాసుకుంటే తప్ప ఆటగాడి ఇష్టంతో పనిలేదు.

ఆ అబ్బాయి ముందు చెప్పింది ఫిల్ కెసెల్ కథ. టొరంటోలో గోల్స్ బాగానే కొట్టినా, నిలకడ లేదనీ వెనక్కొచ్చి ఆడడనీ పేరు పడ్డవాడు. 2015 జూలైలో పిట్స్‌బర్గ్ తీసుకుంది. 2016, 2017 రెండేళ్లూ అక్కడి లీగు టైటిల్ స్టాన్లీ కప్ పిట్స్‌బర్గ్‌దే. డీలరు గారు బల్ల మీద చరిచారు. “అదండీ!”

అప్పుడా అబ్బాయి నవ్వి, “ఆగండి అంకుల్, మా ఊరి కథ కూడా వినండి” అన్నాడు. 2016లో ఎడ్మంటన్ తమ స్టార్ టేలర్ హాల్‌ని న్యూజెర్సీకి ఇచ్చి, ఆడమ్ లార్సన్ అనే డిఫెండర్‌ని తీసుకుంది. ఒకరికి ఒకరు. ఊరంతా తిట్టిపోసింది. 2018లో హాల్ లీగు మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ తీసుకున్నాడు. అయితే అంతకుముందు పదేళ్లుగా ప్లేఆఫ్ మొహం చూడని ఎడ్మంటన్, హాల్‌ని పంపేసిన మొదటి సీజనులోనే ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. ఎవరు గెలిచినట్టు? అక్కడివాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారట.

మూడోది పాట్రిక్ లైనే. విన్నిపెగ్ తరఫున 2018-19 సీజనులో 30 గోల్స్ కొట్టాడు. అందులో 18 ఒక్క నవంబరులోనే. మిగతా నెలలన్నీ కలిపి 12. 2021 జనవరిలో విన్నిపెగ్ అతన్ని కొలంబస్‌కి ట్రేడ్ చేసింది. ఈ లెక్క నా బుర్రలో ఉండిపోయింది. మన ఫ్లిక్కర్ కూడా అచ్చం ఇలాంటివాడే.

కాల్ అయ్యాక అందరూ ఎవరికి కావలసిన కథ వాళ్లు పట్టుకుని ఇళ్లకెళ్లారు. నాకు మాత్రం కెసెల్ కథలో ఒక చోట తేడా కొట్టింది. పిట్స్‌బర్గ్‌లో క్రాస్బీ, మాల్కిన్ లాంటి ఘనులు ముందే ఉన్నారు. కెసెల్‌ని బొనీనో, హేగెలిన్‌లతో కలిపి వేరే లైన్‌లో, అంటే కలిసి దిగే ముగ్గురి బృందంలో, ఆడించారు. అవతలి టీము గట్టి డిఫెండర్లు క్రాస్బీ మీద ఉంటే, ఇతనికి ఖాళీ దొరికేది. ఐస్ హాకీలో ఆట ఆగకుండానే మనుషుల్ని మారుస్తారు. నిమిషం లోపే ఒక లైన్ దిగి ఇంకో లైన్ ఎక్కుతుంది. అవతలివాడికి రెండు నిమిషాల శిక్ష పడితే, దానికోసమే ఉంచుకున్న అయిదుగురిని దింపుతారు. అంటే నిలకడ లేని స్టార్‌ని ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాచాలో కోచ్ చేతిలో ఉంటుంది.

మన హాకీలో అలా కుదరదు. ఈ కేసు మొత్తానికి కీలు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మనకీ రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ ఉంది. ఎవరినైనా ఎన్నిసార్లయినా మార్చవచ్చు. కానీ పెనాల్టీ కార్నర్ ఇచ్చిన క్షణం నుంచి అది పూర్తయ్యేదాకా ఎవరినీ మార్చకూడదు. డిఫెండింగ్ గోల్‌కీపర్‌కి దెబ్బ తగిలినా, అతనికి కార్డు పడినా తప్ప. అంటే ఫ్లిక్కర్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి, అంపైర్ కార్నర్ చూపించగానే లోపలికి పంపడం అనేది లేదు. కార్నర్ దొరికే వేళకి అతను గ్రౌండులో ఉండాలి. అది ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలీదు. కాబట్టి ఒక్కోటి 15 నిమిషాల నాలుగు క్వార్టర్లలో వీలైనంత సేపు అతన్ని ఆడిస్తూనే ఉండాలి. అతను వెనక్కి రాకపోతే ఆ లోటు ఇంకెవరో పూడ్చాలి. మా టీములో ఆ పూడ్చేవాడు సెంటర్ హాఫ్. అవతలివాళ్లు అడుగుతున్నది సరిగ్గా అతన్నే. పెద్ద ఫ్లిక్కర్లు చాలామంది ఫుల్‌బ్యాక్‌లు కావడం వెనక ఈ లెక్క కూడా ఉందని నేననుకుంటాను. వెనక ఆడేవాడు ఎలాగూ గ్రౌండులోనే ఉంటాడు, పూడ్చాల్సిన లోటు ఉండదు.

ఇక రెండో ప్రశ్న. అతని నిలకడలేమి ఎక్కణ్ణించి వస్తోంది? మీటింగులో అందరూ దాన్ని స్వభావం అన్నారు. మూడీ అన్నారు. డీలరు గారైతే “కళాకారుడండీ” అన్నారు. నాకు ఇలాంటి మాటల మీద నమ్మకం లేదు. అతను ఆడిన ఆరు మ్యాచ్‌ల ఫోన్ వీడియోలు సంపాదించి, నాలుగు రాత్రులు కూర్చుని కార్నర్లన్నీ రాసుకున్నాను.

మొత్తం 21 కార్నర్లు. 6 గోల్స్. ఆ ఆరింటిలో నాలుగు ఒకే మ్యాచ్‌లో. మిగిలిన పదిహేనూ ఎలా పోయాయో విడివిడిగా చూశాను. మూడు పక్కకి పోయాయి. నాలుగు కీపరో, ఉరికొచ్చినవాడో ఆపాడు. మిగతా ఎనిమిదింటిలో అసలు బంతి సరిగ్గా ఆగలేదు.

కార్నర్ ఎలా తీస్తారో తెలియనివాళ్ల కోసం. బ్యాక్ లైన్ మీద, గోల్‌పోస్టుకి 10 మీటర్లకి తగ్గకుండా బంతి పెట్టి ఒకడు బయటికి తోస్తాడు. డీ (గోల్ ముందు గీసిన వంపు) బయట ఒకడు దాన్ని ఆపుతాడు. ఫ్లిక్కర్ దాన్ని స్టిక్‌తో లోపలికి లాక్కుంటూ వచ్చి విసురుతాడు. ఆపేవాళ్లు గోల్‌కీపర్‌తో కలిపి అయిదుగురు. బంతి కదలగానే మీదికి ఉరుకుతారు. స్టిక్ ఎత్తి కొట్టే హిట్ అయితే, మొదటి షాట్ గోల్ లైన్ దగ్గర 460 మిల్లీమీటర్ల ఎత్తు దాటకూడదు. గోల్‌లో అడుగున చెక్క ఉంటుంది చూడండి, దాని ఎత్తు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, ప్రమాదకరం కాకుండా ఉంటే పైమూలకైనా వేయొచ్చు. ఫ్లిక్కర్లకి ఉన్న విలువంతా ఈ వెసులుబాటులోనే ఉంది. కానీ ఫ్లిక్‌కి ఆగి ఉన్న బంతి కావాలి. బంతి చచ్చినట్టు ఆగాలి. జానెడు దొర్లినా ఫ్లిక్కర్ అడుగు తప్పుతుంది. అడుగు తప్పితే ఉరికొచ్చేవాడు అందుకుంటాడు.

వీడియోల్లో బంతి ఆపిన మొహం మ్యాచ్ మ్యాచ్‌కీ మారుతోంది. నాలుగు గోల్స్ కొట్టిన రోజున మాత్రం ఆపింది ఒక్కడే, అదీ శుభ్రంగా ఆపాడు. ఆ కుర్రాడు మిగతా వీడియోల్లో ఎక్కడా కనబడలేదు.

అనుమానం తీర్చుకోడానికి ఒక ఆదివారం కాకినాడ టర్ఫ్ మీద టైము అడిగి తీసుకున్నాం. చీకటితో బయల్దేరి, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి, యానాంలో ఇడ్లీలు తిని వెళ్లాం. ఫ్లిక్కర్ పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన మీదుగా రాత్రే అమలాపురం వచ్చేశాడు. బస్సులో చివరి సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరితోనూ మాట కలపలేదు.

టర్ఫ్ మీద నీళ్లు చల్లి ఉన్నాయి. బంతి తోస్తే వెనకాల నీళ్లు సన్నగా లేస్తున్నాయి. మొదట మా సెంటర్ హాఫ్‌ని ఆపమన్నాను. అతను మట్టిలో నేర్చుకున్నవాడు. మా ఒండ్రు నేల వానాకాలం బంకలా పట్టుకుంటుంది, వేసవిలో నెర్రెలిస్తుంది. అలాంటిచోట బంతి ఎటు ఎగురుతుందో చివరిదాకా చూడకపోతే మోకాలికి తగులుతుంది. ఆ అలవాటుతో టర్ఫ్ మీద కూడా మోకాళ్ల దాకా వంగి, స్టిక్‌ని నేలకి పరిచేసి, బంతి స్టిక్‌ని తాకేదాకా కళ్లు ఎత్తడు. బంతి వచ్చి తగిలింది. టక్కున ఆగింది. ఫ్లిక్కర్ ఎడమ పాదం బంతిని దాటి పడింది, బంతి స్టిక్‌ని అంటుకుని జారుతూ వంపులోకి వచ్చింది, నడుము తిరిగింది. చప్పుడు వల దగ్గర వినబడింది. పది తీయించాను. ఎనిమిది గోల్‌లోకి వెళ్లాయి, ఎదురుగా మా మొదటి గోల్‌కీపర్ ఉండగానే.

తర్వాత ఆపేవాణ్ణి మార్చాను. మా రిజర్వు కుర్రాడు. బంతి స్టిక్‌కి తగిలి కొంచెం వెనక్కి దొర్లింది. ఫ్లిక్కర్ అడుగు కుదించుకుని విసిరాడు, పక్కకి పోయింది. మళ్లీ దొర్లింది. మళ్లీ పోయింది. పదింటిలో రెండే గోల్స్. అతను ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అనలేదు. నేల చూపులు చూస్తూ వెనక్కి నడిచాడు. ఆ నడకే, మేం వీడియోల్లో చూసి పొగరు అనుకున్నది.

నీళ్లు తాగేటప్పుడు అడిగాను, “మీ క్లబ్బులో ఎవరు ఆపుతార్రా నీకు?”

“ఆ రోజు ఎవరు లోపలుంటే వాళ్లేనండి.”

“చెప్పలేదా ఎవరికీ?”

“చెప్తే, బంతి ఆపలేదని సాకులు చెప్తున్నాడంటారండి. మానేశాను.”

అతనిలో లోపం లేదని నేననడం లేదు. వెనక్కి రాడు, అది పక్కా. పాస్ అందకపోతే చేతులు విసురుతాడు. కానీ గోల్స్ విషయంలో వచ్చే ఎగుడుదిగుళ్లలో సగం పైన అతనివి కావు, బంతి ఆపేవాళ్లవి. మేం అతన్ని తెచ్చుకోవడానికి ఇవ్వబోతున్నది అతనికి బంతి ఆపగలిగినవాణ్ణే. ఫ్లిక్కర్ వదిలేసే ఖాళీని పూడ్చేవాడూ ఆ సెంటర్ హాఫే. ఈ మార్పిడి జరిగి ఉంటే మా దగ్గర ఉండేది పదింటిలో రెండు కొట్టే ఫ్లిక్కర్, ఎవరూ కాయని మధ్య గ్రౌండు.

ఇంకో సంగతి రాయకపోతే అబద్ధమవుతుంది. బేరం వచ్చిన పన్నెండు రోజుల దాకా మేం ఎవరమూ సెంటర్ హాఫ్‌ని అడగలేదు. ఐస్ హాకీ ట్రేడ్‌ల గురించి, అక్కడ ఆటగాణ్ణి అడగరట అని నవ్వుకున్నాం. మేం చేసిందీ అదే. కాకినాడ నుంచి వస్తుంటే బస్సులో అడిగాను. “మీరు వెళ్లమంటే వెళ్తానండి” అన్నాడు. కాసేపాగి, “లోడుకి మాత్రం నాన్న ఒక్కడే అయిపోతాడండి” అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

తర్వాతి మీటింగు తొందరగానే అయిపోయింది. సెంటర్ హాఫ్‌ని ఇవ్వం, ఫ్లిక్కర్‌ని డిసెంబరు టోర్నీ వరకు గెస్టుగా ఇవ్వండి అని అవతలి క్లబ్బుకి ఫోన్ చేశాం. ఊరికే ఎందుకిస్తారు? వాళ్ల గోల్‌కీపర్‌కి పోలీసు కానిస్టేబుల్ ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) ఉన్నాయని, ప్రాక్టీసుకి రావడం లేదని ఫ్లిక్కరే మాటల్లో చెప్పాడు. మా రెండో గోల్‌కీపర్‌ని సీజనంతా పంపుతామన్నాం. అతనికి మా దగ్గర ఆడే అవకాశం రావడం లేదు, అడిగితే ఎగిరి గంతేశాడు. రెండు రోజులు నానబెట్టి ఒప్పుకున్నారు.

నవంబరంతా ప్రాక్టీసు. ఫ్లిక్కర్ శని, ఆదివారాలు వచ్చేవాడు. వెనక్కి రమ్మని మొత్తం ఆటకి చెబితే వినడని, ఒక్క పని ఇచ్చాను. బంతి పోయిన వెంటనే అయిదు అడుగులు, వాళ్ల సెంటర్ హాఫ్ మీదికి, అంతే. ఆ తర్వాత నిలబడినా ఫరవాలేదు. అది చేశాడు. రోజూ కాదు, కానీ చేశాడు.

టోర్నీలో మొదటి మ్యాచ్ 3-1తో గెలిచాం. అయిదు కార్నర్లు, అతనివి రెండు గోల్స్. డీలరు గారు గ్రౌండులోకి వచ్చి అతని మెడలో కండువా వేశారు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోల్‌పోస్టుకి తగిలించాడు. రెండో మ్యాచ్ 1-1. కార్నర్ ఒక్కటే దొరికింది, అదీ కీపర్ ఆపాడు. అంపైర్‌తో వాదించి గ్రీన్ కార్డు తెచ్చుకున్నాడు. ఆ రెండు నిమిషాలు పదిమందితో ఆడుతుంటే మాకు గోల్ పడింది. ప్రెసిడెంటు గారు నావైపు చూడకుండా, “చెప్పాను కదయ్యా” అన్నారు.

మూడో మ్యాచ్ గెలిస్తేనే సెమీస్. రెండో క్వార్టర్‌లో మా సెంటర్ హాఫ్ మడమ మెలిపడింది. బయటికి మోసుకొచ్చాం. ఆ తర్వాత మాకు నాలుగు కార్నర్లు వచ్చాయి. నాలుగూ రిజర్వు కుర్రాడే ఆపాడు. ఆపాడు అనడమే గానీ, రెండు దొర్లాయి, ఒకటి స్టిక్ మీంచి ఎగిరింది, నాలుగోది బాగానే ఆగింది కానీ అప్పటికి ఫ్లిక్కర్‌కి నమ్మకం పోయింది, పైనుంచి వేశాడు. 0-1తో ఓడి ఇంటికొచ్చాం.

తిరుగు ప్రయాణంలో డీలరు గారు, “నాలుగు కార్నర్లండీ మాస్టారూ, నాలుగు” అని యానాం దాకా అంటూనే ఉన్నారు. ఆయన తిడుతున్నది ఫ్లిక్కర్‌ని. తిట్లు పడాల్సింది నాకు. అతని ఆట ఆపేవాడి మీద ఆధారపడుతుందని నోటుబుక్కులో ఎనిమిది అని రాసుకుని, గుండ్రంగా చుట్టి, గీత గీసి పెట్టుకున్నవాణ్ణి నేను. అయినా నవంబరంతా ప్రాక్టీసులో ప్రతి బంతీ సెంటర్ హాఫ్ చేతే ఆపించాను. చూడ్డానికి బాగుండేది, గోల్స్ పడుతుంటే అందరికీ హుషారు. రెండోవాడి చేత ఆపిస్తే ఫ్లిక్కర్ నీరసపడతాడని మానేశాను. అవతలి క్లబ్బు అతనికి మనిషి కుదర్చలేదని వేలెత్తి చూపించి, నేను కుదిర్చింది కూడా ఒక్క మనిషినే.

బేరానికి ఒప్పుకోకపోవడం సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. గెస్టుగా తెచ్చుకోవడం కూడా. గ్రీన్ కార్డు సంగతి మాత్రం నా చేతిలో లేదు, అదింకా నన్ను తొలుస్తూనే ఉంది. ప్రెసిడెంటు గారు అన్నట్టు కొన్ని మ్యాచ్‌లు పదిమందితోనే ఆడాల్సి వస్తుందేమో.

సంక్రాంతి అయ్యాక మా గ్రౌండులో ముగ్గురు కుర్రాళ్లకి ఆపడం నేర్పడం మొదలుపెట్టాను. సెంటర్ హాఫ్ మడమకి కట్టుతోనే కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరైనా కళ్లు ముందే ఎత్తితే కొబ్బరి పుల్ల విసురుతున్నాడు. పోయిన వారం అవతలి క్లబ్బు సెక్రటరీ గారి ఫోను వచ్చింది. మళ్లీ మార్పిడి బేరమే అనుకున్నాను.

“మాస్టారూ, మీ హాఫ్‌ని ఇమ్మని కాదండి” అన్నారాయన. “మడమ తగ్గాక రెండు ఆదివారాలు పంపిస్తారా? మావాళ్లకి బంతి ఆపడం నేర్పుతాడేమోనని. ఫ్లిక్కరు అడగమన్నాడండి.”

నాన్నగారితో లోడు ఎవరు చూస్తారో కనుక్కుని చెబుతానన్నాను.